సంతకాన్ని చూడాలా, సంతకం తెచ్చినవాణ్ణి చూడాలా?

మన దగ్గర సంతకాల సేకరణ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. బస్టాండు పక్కన ఒక టెంటు, వెనక ఫ్లెక్సీ, బల్ల మీద తెల్ల కాగితాల దొంతర. "అన్నా, ఒక్క సంతకం" అంటారు, పెట్టేసి బస్సెక్కుతాం. తర్వాత లక్ష సంతకాలనో కోటి సంతకాలనో ప్రకటిస్తారు, అట్టపెట్టెల్లో సర్ది వ్యానెక్కించి గవర్నర్ దగ్గరికి తీసుకెళ్తారు, ఫొటోలు దిగుతారు. అందులో ఒకే మనిషి పది పేర్లు రాసినా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోవాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే కోటి ఉన్నా అరకోటి ఉన్నా చట్టం దృష్టిలో ఒకటే. అది బలప్రదర్శన, అంతే.

అమెరికాలో దాదాపు సగం రాష్ట్రాల్లో కథ వేరు. అక్కడా సూపర్‌మార్కెట్ ముందు, లైబ్రరీ మెట్ల దగ్గర, కాలేజీ గేటు దగ్గర ఎవరో ఒకరు క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడి "ఆర్ యూ ఎ రిజిస్టర్డ్ వోటర్?" అని అడుగుతుంటారు. కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్లలో చాలామందికి ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. తేడా ఏమిటంటే, అక్కడ సరిపడా సంతకాలు పోగైతే ప్రభుత్వం ఆ విషయాన్ని బ్యాలెట్ మీద పెట్టి తీరాలి, శాసనసభకి నచ్చినా నచ్చకపోయినా, గవర్నర్ పళ్లు నూరినా సరే. జనం ఓటేసి ఒప్పుకుంటే అది చట్టమైపోతుంది, కొన్నిచోట్ల ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కుతుంది. సంతకానికి ఇంత బలం ఉన్నప్పుడు అది ఎవరు పెట్టొచ్చు, ఎవరు పెట్టించొచ్చు, పెట్టించినందుకు డబ్బు తీసుకోవచ్చా, ఎన్ని జిల్లాల నుంచి తేవాలి, ఏ కాగితం జతచేయాలి అనే ప్రశ్నలన్నీ రాజకీయ యుద్ధాలవుతాయి. పైకి చూస్తే గుమాస్తాల వ్యవహారం, నియమావళి చదవబోతే నిద్రొస్తుంది. అసలు కొట్లాట జరిగేది మాత్రం ఆ చిన్న అక్షరాల్లోనే.

ముందు పేర్లు సరిచేసుకుందాం. పౌరులే చట్టం ముసాయిదా రాసుకుని సంతకాలు తెచ్చి ఓటింగ్‌కి పెట్టించడం ఇనీషియేటివ్. శాసనసభ చేసిన చట్టాన్ని ఆపి, జనం ఓటుకి లాగడం రెఫరెండం. పదవిలో ఉన్నవాణ్ణి మధ్యలో దించడానికి ఓటు పెట్టించడం రీకాల్. ఇనీషియేటివ్‌ను రాష్ట్రమంతటికీ మొదట తెచ్చుకున్నది సౌత్ డకోటా, 1898లో. కాలిఫోర్నియాకి 1911లో వచ్చింది. అప్పట్లో ఆ రాష్ట్ర శాసనసభ సదరన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ జేబులో ఉందని జనం మండిపడుతున్నారు, ఆ కోపం మీద గెలిచిన గవర్నర్ హైరమ్ జాన్సన్ ఈ మూడు ఆయుధాలూ జనం చేతికిచ్చాడు. పెద్ద కంపెనీని కట్టడి చేయడానికి పుట్టిన పద్ధతి అన్నమాట. 2020కి వచ్చేసరికి ఊబర్, లిఫ్ట్ లాంటి కంపెనీలు తమ డ్రైవర్లను ఉద్యోగులుగా చూడక్కర్లేకుండా అదే కాలిఫోర్నియాలో ప్రొపోజిషన్ 22 అనే ఇనీషియేటివ్ పెట్టించి, దాని ప్రచారానికి 20 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించి గెలిపించుకున్నాయి. ఈ విడ్డూరాన్ని మనసులో పెట్టుకుంటే తర్వాతి గొడవంతా సులభంగా అర్థమవుతుంది.

మనవాళ్ల కోసం ఒక పక్కమాట. తెలుగువాళ్లు దండిగా ఉన్న టెక్సస్‌లో, న్యూజెర్సీలో రాష్ట్రస్థాయి ఇనీషియేటివ్ లేనే లేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా, మిషిగన్, ఒహాయోల్లో ఉంది. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు సంతకం పెట్టకూడదు. పౌరసత్వం తీసుకుని ఓటరుగా నమోదైనవాళ్ల సంతకమే చెల్లుతుంది. క్లిప్‌బోర్డు పట్టుకున్నవాడు బతిమాలుతున్నాడు కదా అని మొహమాటానికి గీసేస్తే వాడికీ లాభం లేదు, మీకు మాత్రం లేనిపోని తలనొప్పి.

ఇప్పుడు అంకెలు. కాలిఫోర్నియాలో మామూలు చట్టానికైతే గత గవర్నర్ ఎన్నికలో పడిన ఓట్లలో 5 శాతం, రాజ్యాంగ సవరణకైతే 8 శాతం సంతకాలు కావాలి. 2022 ఎన్నిక లెక్కన అవి 5,46,651, 8,74,641. గడువు 180 రోజులు. చెల్లని సంతకాలు ఎలాగూ పోతాయి కాబట్టి కావాల్సినదాని మీద ఇంకో పాతికో ముప్ఫయ్యో శాతం ఎక్కువ తెచ్చుకోవాలి. అంటే చిన్న లక్ష్యానికే ఆరున్నర లక్షలకు పైగా. 180తో భాగించి చూడండి: రోజుకు మూడున్నర వేలకు పైగా, ఆదివారాలూ వానాకాలమూ కలుపుకుని. సాయంత్రం ఆఫీసు అయ్యాక వచ్చి రెండు గంటలు నిలబడే స్వచ్ఛంద కార్యకర్తలతో ఇది అయ్యే పని కాదు, వాళ్ల వెనక బలమైన సంఘమేదైనా ఉంటే తప్ప. అందుకే అక్కడ సంతకాల సేకరణ ఒక పరిశ్రమ అయింది. పెద్ద కంపెనీ కాంట్రాక్టు తీసుకుంటుంది, దాని కింద సబ్ కాంట్రాక్టర్లు, వాళ్ల కింద రోడ్డు మీద నిలబడేవాళ్లు, వాళ్లకి సంతకానికి ఇంత అని రేటు. గడువు దగ్గరపడే కొద్దీ రేటు పెరుగుతుంది. ఒకే మనిషి ఒకే బల్ల మీద అయిదారు పిటిషన్లు పరుచుకుని కూర్చుంటాడు, ఒకదానికొకటి సంబంధం లేనివి, ఒక్కోసారి ఒకదాన్నొకటి కొట్టేసేవి కూడా. వాడికి సిద్ధాంతం లేదు, కూలి ఉంది. తప్పని నేననను. మన దగ్గర మీటింగుకి జనాన్ని లారీల్లో తోలేవాళ్లకంటే కనీసం ఇక్కడ లెక్కాపత్రం ఉంది.

కూలి సంతకానికి ఇంత అని కట్టినప్పుడు దొంగ సంతకం పుట్టకుండా ఉంటుందా? ఉండదు. దీనికి 2022 మిషిగన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. అది ఇనీషియేటివ్ కాదు, అభ్యర్థుల నామినేషన్ సంతకాల వ్యవహారం, కానీ పని చేసింది ఇదే పరిశ్రమ. గవర్నర్ పదవికి పోటీపడే రిపబ్లికన్ అభ్యర్థి ఒక్కొక్కరు 15,000 చెల్లుబాటయ్యే సంతకాలు తేవాలి. తెచ్చారు. రాష్ట్ర ఎన్నికల విభాగం కాగితాలు తిరగేస్తే 36 మంది సేకర్తలు కలిసి, పది మంది వేర్వేరు అభ్యర్థుల కోసం కనీసం 68,000 చెల్లని సంతకాలు ఇచ్చారని తేలింది. ఎలా కనిపెట్టారో చదివితే డిటెక్టివ్ నవల గుర్తొస్తుంది. ఒకే షీటు మీద వేర్వేరు పేర్లు ఒకే దస్తూరీలో ఉన్నాయి. చనిపోయినవాళ్ల పేర్లున్నాయి, ఎప్పుడో వదిలేసిన పాత చిరునామాలున్నాయి. కొన్ని షీట్లు ఎండలో గాలిలో చేతులు మారిన గుర్తే లేకుండా, మడత కూడా పడకుండా నీటుగా ఉన్నాయి. ఇంకో టెక్నిక్‌కి ఆ రంగంలో ఏకంగా ఒక పేరే ఉంది, రౌండ్ టేబులింగ్. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని షీటు తిప్పుకుంటూ ఒక్కో వరస ఒక్కొక్కరు నింపుతారు, పక్కపక్క సంతకాలు ఒకేలా కనపడకుండా. పరీక్ష హాల్లో కూడా ఇంత సమన్వయం ఉండదు.

అయిదుగురు అభ్యర్థులు పోటీలోంచి పోయారు. వాళ్లలో ఒకాయన డెట్రాయిట్ నగర పోలీసు శాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ క్రెయిగ్. పోలీసు బాస్‌కే దొంగ సంతకాలు అంటగట్టారన్నమాట. అభ్యర్థులకు ఈ మోసం తెలుసనడానికి ఆధారమేదీ కనపడలేదని ఎన్నికల విభాగమే రాసింది, కానీ సంతకాలు లేవు కాబట్టి బ్యాలెట్ మీద పేరు లేదు, అంతే.

నాకు ఈ కథలో ముఖ్యంగా కనిపించేది దొంగతనం కాదు, దొరకడం. సేకర్తలకి కొత్త లైసెన్సులు పెట్టి కాదు, బ్యాడ్జీలు తగిలించి కాదు, కూర్చుని ఓటర్ల జాబితాతో సంతకాలు పోల్చి పట్టుకున్నారు. సంతకాన్ని చూడటం ఒక పద్ధతి, సంతకం తెచ్చినవాణ్ణి చూడటం ఇంకో పద్ధతి, రెండూ ఒకటి కావు. నియమం ఏదైనా సరే, అది అసలు సంతకాన్నీ దొంగ సంతకాన్నీ వేరుచేస్తుందా, లేక రెంటినీ కలిపి చెత్తబుట్టలో వేస్తుందా? నేనైతే ప్రతి నియమాన్నీ ఈ ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాను.

సంతకాన్ని చూసే పద్ధతికి కాలిఫోర్నియా నమూనా బాగుంటుంది. లక్షల సంతకాలు ఒక్కొక్కటీ చూడటం కష్టం కాబట్టి ప్రతి కౌంటీలోనూ (మన జిల్లా లాంటిది) యాదృచ్ఛికంగా 3 శాతం గానీ 500 గానీ, ఏది ఎక్కువైతే అన్ని తీసి, ఓటరు రికార్డులో ఉన్న సంతకంతో, చిరునామాతో పోలుస్తారు. ఆ నిష్పత్తిని మొత్తానికి వర్తింపజేస్తే కావాల్సినదానికి 110 శాతం మించితే పాస్, 95 శాతానికి తగ్గితే ఫెయిల్, మధ్యలో ఉంటే ఇక తప్పదు, ప్రతి సంతకమూ చూడాలి. ఇందులో నాకు భలే నచ్చిన మెలిక డూప్లికేట్ల లెక్క. ఒక మనిషి రెండుసార్లు సంతకం పెట్టాడనుకోండి. 3 శాతం శాంపిల్‌లో ఆ రెండు కాపీలూ ఒకేసారి చిక్కే అవకాశం పదివేలకు తొమ్మిది మాత్రమే. అంటే శాంపిల్‌లో ఒక్క జత దొరికిందంటే, మొత్తం కట్టలో అలాంటి జతలు సుమారు 1,100 ఉన్నాయని అంచనా వేయాలి. అందుకే అక్కడి సూత్రం ప్రకారం ఒక్క డూప్లికేట్ జతకి మొత్తం లెక్కలోంచి వెయ్యికి పైగా సంతకాలు ఎగిరిపోతాయి. పోయిన నెల పెట్టిన సంగతి మరిచిపోయి మళ్లీ పెట్టిన ఒక పెద్దాయన, పాపం, తనకు తెలియకుండానే వెయ్యి మందిని ముంచుతాడు. అన్యాయంలా కనిపిస్తుంది గానీ గణితం సరైనదే.

ఇలాంటి పోలిక ఎంత అవసరమో మనకీ అనుభవమే. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఓటు తొలగించమంటూ లక్షల కొద్దీ ఫారం-7 దరఖాస్తులు వచ్చి పడ్డాయి, వాటిలో చాలావాటికి దరఖాస్తుదారుగా ఎవరి పేరుందో ఆ మనిషికే ఆ సంగతి తెలియదు. పోలీసు కేసులు పెట్టారు. అప్పుడూ ఓట్లను కాపాడింది ఇంటికెళ్లి విచారించి దరఖాస్తు దొంగదని తేల్చడమే. దరఖాస్తు పెట్టే హక్కునే తీసేద్దామని ఎవరూ అనలేదు.

దొంగ సంతకం ఒక రకం మోసం. ఇంకోటి ఉంది, అది ఇంకా చిక్కైనది: సంతకం అసలుదే, కానీ అబద్ధం చెప్పి పెట్టించింది. మిషిగన్‌లో ప్రభుత్వ ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో జాతి ఆధారిత ప్రాధాన్యాలను రద్దుచేస్తూ 2006లో ఓటుకొచ్చిన సవరణకి సంతకాలు సేకరించినప్పుడు, ఇది ఆ ప్రాధాన్యాలను కాపాడే పిటిషన్ అని చెప్పి నల్లజాతి ఓటర్ల చేత పెట్టించారని ఫిర్యాదులొచ్చాయి. కేసు విన్న ఫెడరల్ జడ్జి మోసం జరిగిందనే రాశారు. అయినా ఆపలేదు, ఎందుకంటే ఫిర్యాదుదారులు ఆశ్రయించిన చట్టం జాతి వివక్షను ఆపేది, ఇక్కడ మోసం తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ ఒకేలా చేశారు! సవరణ బ్యాలెట్ ఎక్కింది, గెలిచింది కూడా. ఓటరు జాబితాతో ఎంత పోల్చినా ఈ మోసం దొరకదు, సంతకం నిజమైనదే కాబట్టి. దీనికి నాకు కాస్త పనిచేసేలా కనపడే మందు ఒకటే, కాగితం మీదే నిజం రాసి ఉంచడం. కాలిఫోర్నియా 2019లో ఒక చట్టం చేసింది, పిటిషన్ మీద గానీ విడి షీటుగా గానీ ఎక్కువ డబ్బు పెట్టిన దాతల పేర్లు చూపించాలని. కింద ఏ కంపెనీ ఉందో తెలిస్తే సేకర్త ఎంత తియ్యగా చెప్పినా జనం కనుబొమ్మలు ముడుస్తారు.

మరి డబ్బిచ్చి సంతకాలు తెప్పించడాన్నే నిషేధిస్తే? కొలరాడో సరిగ్గా అదే చేసింది. సేకర్తకి డబ్బివ్వడం అప్పట్లో అక్కడ నేరం, అదీ పెద్ద నేరాల కోవలో. లారీ రవాణా మీద నియంత్రణ తీసేయాలని ఒక బృందం పిటిషన్ మొదలుపెట్టింది, ఆరు నెలల్లో 46,737 సంతకాలు కావాలి, స్వచ్ఛంద కార్యకర్తలతో అవదని కోర్టుకెళ్లింది. 1988లో మేయర్ వర్సెస్ గ్రాంట్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒకే మాటగా ఆ నిషేధాన్ని కొట్టేశారు. తర్కం ఇది: వీధిలో ఒక అపరిచితుణ్ణి ఆపి, చట్టం ఎందుకు మారాలో చెప్పి, సంతకం అడగడం అంటే అది రాజకీయ ప్రసంగమే, దానికి రాజ్యాంగ రక్షణ అత్యున్నత స్థాయిలో ఉంటుంది. డబ్బివ్వొద్దంటే మాట్లాడే నోళ్లు తగ్గుతాయి, కాబట్టి అది ప్రసంగాన్ని అణచడమే. ఫోర్జరీ మాటేమిటంటే, దానికి వేరే చట్టాలున్నాయి కదా అన్నారు.

కొలరాడో ఊరుకోలేదు, కొత్త నియమాలు తెచ్చింది. సేకర్త స్వయంగా నమోదైన ఓటరై ఉండాలి, ఛాతీ మీద పేరున్న బ్యాడ్జి పెట్టుకోవాలి, ఎవరికెంత ఇచ్చారో పేరుపేరునా నివేదించాలి. 1999లో సుప్రీంకోర్టులో ఇవి మూడూ పోయాయి. తీర్పు రాసిన జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ బ్యాడ్జి గురించి చెప్పింది నాకు చాలా సబబుగా అనిపిస్తుంది: సేకర్త తన పేరు, చిరునామా అఫిడవిట్‌లో ఎలాగూ రాసిస్తున్నాడు, మోసం చేస్తే రేపు పట్టుకోవచ్చు, కానీ ఎదుటివాడు కోపంతో ఊగిపోతున్న ఆ క్షణంలోనే పేరు బయటపెట్టమనడం వాణ్ణి వేధింపులకు అప్పగించడమే. నమోదైన ఓటరే సేకర్త కావాలంటే, అర్హత ఉండి నమోదు కానివాళ్లు కనీసం 4 లక్షల మంది ఆ రాష్ట్రంలోనే సేకరణకు పనికిరాకుండా పోతారని కూడా లెక్క చూపించారు.

సరే, డబ్బివ్వడం ఆపలేం. సంతకానికి ఇంత అని కాకుండా గంటకి ఇంత అని ఇమ్మనొచ్చా? ఇక్కడ కోర్టులే రెండుగా చీలాయి. నార్త్ డకోటా, ఒరెగాన్ నిషేధాలు అప్పీలు కోర్టుల్లో నిలబడ్డాయి, ఒహాయోది 2008లో పడిపోయింది. నిలబెట్టిన కోర్టులు చూసింది మోసానికి సంబంధించిన సాక్ష్యం, పడగొట్టిన కోర్టు చూసింది ఖర్చు పెరుగుదల. రెండూ నిజమే. గంటల లెక్కన ఇస్తే ఫోర్జరీకి ఆశ తగ్గుతుంది, కానీ రోజంతా నిలబడి నాలుగు సంతకాలు తెచ్చినవాడికీ కూలి ఇవ్వాలి, దాంతో మొత్తం ఖర్చు పెరుగుతుంది. పెరిగిన ఖర్చు ఎవరికి భారం? ఊబర్‌కి కాదు. కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2011లో ఇలాంటి బిల్లును వీటో చేసినప్పుడు చెప్పిన కారణం అదే, ఖర్చు పెరిగితే మరింత డబ్బున్నవాళ్లకే మేలని. తర్వాత గవిన్ న్యూసమ్ కూడా 2019లో, 2021లో అలాంటి బిల్లులను తిప్పికొట్టారు. ముగ్గురు నలుగురు అద్దెకున్న ఇంట్లో కరెంటు చార్జీ పెరిగినా ఏసీ ఉన్నవాడు ఆపడు, ఫ్యాన్ ఉన్నవాడే ఆపుకుంటాడు, అలాగే ఉంటుంది ఇది.

సంతకం పెట్టినవాళ్ల పేర్లు రహస్యమా అని కొందరు అడుగుతారు. అది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్వలింగ జంటల హక్కుల చట్టం మీద రెఫరెండం కోరుతూ 1,37,000 మందికి పైగా సంతకాలు పెట్టారు, ఆ పేర్లు బయటపెట్టొద్దని కేసు వేశారు. 2010లో సుప్రీంకోర్టు 8-1తో, మామూలుగా అయితే పేర్లు బయటపెట్టడం రాజ్యాంగ విరుద్ధమేమీ కాదంది. ఎవరైనా చూసుకోగలిగితేనే దొంగ పేర్లు బయటపడతాయి కదా. నాకు ఇందులో అభ్యంతరం లేదు, కానీ సంతకం పెట్టేముందు తెలుసుకుని పెట్టండి.

ఇక అసలు వేడి ఉన్న చోటికి వద్దాం. 2024లో ఆర్కాన్సాలో గర్భస్రావం హక్కు సవరణ కోసం ఒక బృందం సంతకాలు సేకరించింది. కావాల్సినవి 90,704. జూలై 5న లక్షకు పైగా సమర్పించారు. అయిదు రోజుల తర్వాత రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ జాన్ థర్స్టన్ మొత్తం కట్టను తిరగ్గొట్టారు. కారణం, కూలికి పనిచేసిన సేకర్తలకు నియమాల పుస్తకం ఇచ్చి చట్టం వివరించాం అనే ధ్రువపత్రం సంతకాలతో పాటు జతచేయలేదట. బృందం వాదన, ఆ శిక్షణ వివరాలు మేం ముందే ఇచ్చాం, మీ ఫైల్లోనే ఉన్నాయి అని. కాదు, ఆ రోజు ఆ కట్టతోనే ఉండాలి అంది రాష్ట్రం. కూలి సేకర్తలు తెచ్చిన 14 వేల పైచిలుకు సంతకాలు పక్కన పెడితే, స్వచ్ఛంద కార్యకర్తలు తెచ్చినవి 87,675. తక్కువైనవి 3,029. ఆగస్టు 22న రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3తో ప్రభుత్వం పక్షానే నిలిచింది. ఆ 14 వేల సంతకాల్లో ఒక్కటైనా దొంగదని ఎవరూ అనలేదు, తెరిచి చూడను కూడా లేదు. ఓ కాగితం ఏ కవర్లో ఉండాలన్న దాని మీద వేలమంది ఓటర్ల సంతకాలు పోయాయి. దీన్ని మోసం మీద పోరాటం అంటే నేనొప్పుకోను. మున్సిపల్ ఆఫీసులో ఫైలు మీద ట్యాగు లేదని ఇంటి ప్లాను వాపసు పంపే గుమాస్తా నాకు గుర్తొచ్చాడు, కాకపోతే ఆ గుమాస్తాకి అక్కడ హైకోర్టు హోదా ఇచ్చారు.

అంతటితో ఆగలేదు. 2025లో అదే రాష్ట్రం ఇంకో మోపెడు చట్టాలు చేసింది: సంతకం పెట్టేవాళ్ల ఫొటో గుర్తింపు కార్డు సేకర్త చూడాలి, బ్యాలెట్ శీర్షిక మొత్తం వాళ్లు చదవాలి లేదా వాళ్లకి చదివి వినిపించాలి, పిటిషన్ మోసం నేరమని ముందే హెచ్చరించాలి. ఒక్కొక్కటి విడిగా చూస్తే మంచిదే కదా అనిపిస్తుంది, ముఖ్యంగా చదవడం. కానీ అక్కడ ఆ శీర్షికలు పేరాల కొద్దీ ఉంటాయి. ట్రాలీ తోసుకుంటూ, చంకలో పిల్లాడితో వెళ్లే తల్లి ఎంతసేపు నిలబడి వింటుంది? ఆ చట్టాల మీదా కేసులు పడ్డాయి.

ఫ్లోరిడా ఇంకా గట్టి ఉదాహరణ. అక్కడ సవరణ గెలవాలంటే 60 శాతం ఓట్లు రావాలి. 2024లో గర్భస్రావం హక్కు సవరణ 8,91,523 సంతకాల గడప దాటి బ్యాలెట్ ఎక్కింది, 57 శాతం తెచ్చుకుని ఓడింది. ఎన్నికకు ముందే, సంతకం పెట్టారని కొందరు ఓటర్ల ఇళ్ల తలుపులు పోలీసులు తట్టి "ఇది మీరు పెట్టిందేనా?" అని అడిగారు. నిజమే, ఇది సంతకాన్ని చూసే పద్ధతే, నేను పైన పొగిడిందే. కానీ ఇంటికొచ్చిన యూనిఫారం చూశాక మరుసటిసారి ఎంతమంది సంతకం పెడతారు? నా కొలబద్దకీ హద్దులున్నాయని ఒప్పుకుంటున్నాను. మరుసటి ఏడాది మే 2న గవర్నర్ రాన్ డిశాంటిస్ ఒక చట్టం మీద సంతకం చేశారు. సొంత, దగ్గరి కుటుంబ సభ్యుల పిటిషన్లు కాక 25 మించి సేకరిస్తే రాష్ట్రం దగ్గర నమోదు చేసుకోవాలి. సేకర్త ఫ్లోరిడా నివాసి, అమెరికా పౌరుడు అయి ఉండాలి. సంతకం పెట్టేవాళ్లు డ్రైవింగ్ లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగంకెలో రాయాలి. నింపిన కాగితం అప్పగించడానికి గతంలో ముప్ఫై రోజులుండేవి, ఇప్పుడు పది. నివాసం, పౌరసత్వం నియమాలను ఒక ఫెడరల్ జడ్జి జూలైలో ఆపారు, సెప్టెంబరులో అప్పీలు కోర్టు అప్పీలు తేలేదాకా ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఇందులో 25 అనే అంకె చూడండి. చర్చి బయటో, గుడి బయటో ఒక ఆదివారం పొద్దున క్లిప్‌బోర్డు పట్టుకున్న రిటైర్డ్ టీచరమ్మ మధ్యాహ్నానికి 26వ సంతకం తీసుకుంటే చట్టాన్ని దాటినట్టే. కాంట్రాక్టు కంపెనీకి ఇది ఒక ఫారం, ఒక లాయరు. ఆవిడకి భయం.

చివరగా భూగోళం. సంతకాలన్నీ ఒక్క మహానగరంలోనే పోగేసి రాష్ట్రం మీద రుద్దకూడదని, అన్ని ప్రాంతాల నుంచీ కొన్ని రావాలని చాలా రాష్ట్రాలు పెట్టుకున్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని ఆదిలాబాద్ తలరాత రాస్తారా అనే ప్రశ్న మనకీ తెలిసిందే కాబట్టి ఈ వాదనలో న్యాయం ఉందనే అంటాను. చిక్కంతా దాన్ని ఎంతవరకు లాగుతారన్న దగ్గరే. ఐడహోలో 35 శాసనసభ జిల్లాల్లో (అంటే నియోజకవర్గాల్లో) 18 చోట్ల నమోదైన ఓటర్లలో 6 శాతం మంది సంతకాలు తేవాలని ఉండేది, 2021లో శాసనసభ దాన్ని మొత్తం 35కి పెంచింది. అంటే 34 జిల్లాలు ఊగిపోయినా ఒక్క జిల్లా మొహం తిప్పుకుంటే పిటిషన్ చచ్చినట్టే. అదే ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒహాయోలో 2023 ఆగస్టులో 44 కౌంటీల బదులు మొత్తం 88 కౌంటీల నుంచీ తేవాలని, పైగా గెలుపుకి 60 శాతం కావాలని జనాన్నే ఓటడిగారు. 57 శాతం మంది వద్దన్నారు.

మిసిసిపీలో జరిగింది మాత్రం ఎవరైనా కల్పించి రాస్తే నమ్మరు. ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఏ ఒక్క కాంగ్రెస్ జిల్లా (మన లోక్‌సభ నియోజకవర్గం లాంటిది) నుంచీ మొత్తం సంతకాల్లో అయిదో వంతుకు మించి లెక్కలోకి తీసుకోకూడదు. రాసినప్పుడు రాష్ట్రానికి అయిదు కాంగ్రెస్ జిల్లాలు, కాబట్టి అయిదు అయిదో వంతులు, లెక్క సరిగ్గా సరిపోయింది. 2000 జనగణన తర్వాత జనాభా నిష్పత్తి తగ్గి రాష్ట్రానికి నాలుగు జిల్లాలే మిగిలాయి. నాలుగు అయిదో వంతులు కలిపితే 80 శాతమే. ఇరవై శాతం సంతకాలు లేని జిల్లా నుంచి తేవాలి. ఇంత కాలం అధికారులు పాత అయిదు జిల్లాల హద్దులే లెక్కలోకి తీసుకుని పని నడిపించారు, ఎవరూ అడగలేదు. 2020లో వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించే ఇనీషియేటివ్ 65 కి 70 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. మ్యాడిసన్ అనే ఊరి మేయరు కోర్టుకెళ్లారు. 2021 మే 14న రాష్ట్ర సుప్రీంకోర్టు 6-3తో, రాజ్యాంగంలో ఉన్న మాట ఉన్నట్టే చదవాలి, కాబట్టి ఈ సంతకాలు చెల్లవు అంది. గంజాయి చట్టం ఒక్కటే పోలేదు, లెక్క ఎప్పటికీ కుదరదు కాబట్టి ఇనీషియేటివ్ అనే హక్కే ఆగిపోయింది. గంజాయిని మరుసటి ఏడాది శాసనసభే చట్టం చేసి అనుమతించింది. ఆగిపోయిన హక్కును తిరిగి తెచ్చే తీర్మానాలు మాత్రం 2022లో, 2023లో, 2024లో శాసనసభలోనే ఇరుక్కుపోయాయి, రెండు సభలకూ కుదరక. "అయిదో వంతు" అన్న మాటను "నాలుగో వంతు" అని మార్చాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి. ఆ సవరణను జనం సంతకాలతో పెట్టించుకోవడానికి దారి లేదు, ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది కదా.